వేలు చూపని పిందె

మా ఆయనకు ఏ సంగతి చెప్పినా చీనీ చెట్టు మీదుగా పోతేనే బుర్రకెక్కుతుంది. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. పెళ్లయిన కొత్తలో నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు. కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఆకు పచ్చగానే ఉండాది, ఏం కాదులే" అని తోటకు పోయాడు. నేను ప్రొద్దుటూరు పిల్లను. పులివెందుల బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. సింహాద్రిపురం దగ్గర పల్లెలో, తోట మధ్యలోనే కట్టుకున్న ఇంట్లో ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. ఆ తోటంటే నాకు సవతి మీద ఉండేంత కోపం. అది ఎండిపోతే ముందు ఏడ్చేదీ నేనే.

మూత్రం దగ్గర ఇబ్బందిని ఆయన చాలాకాలం దాచాడు. దాచడం చేతకాక నాకు దొరికిపోయాడు. ప్రొద్దుటూరు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించాం, తర్వాత ముక్క తీసి పరీక్షకు పంపారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. గ్రంథి దాటి బయటికి పోలేదని కూడా అన్నారు. ఆ రెండో మాట వినేసరికి మొదటి మాట వల్ల ఆగిన ఊపిరి నాకు తిరిగి ఆడింది. ఆయన గుండెకు ఇదివరకే స్టెంటు వేసి ఉంది కాబట్టి ఆపరేషన్ మాట ఎత్తలేదు. ముందు కొన్ని నెలలు హార్మోన్ సూది, ఆ తర్వాత రేడియేషన్ అన్నాడు డాక్టరు. కడపలో ఉంటాడు, వారానికొకసారి ప్రొద్దుటూరు వచ్చి చూస్తాడు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు.

సూది ఎందుకో డాక్టరు చక్కగా వివరించాడు. మగవాళ్ల ఒంట్లో ఊరే ఒక రసం ఈ జబ్బుకు మేత, సూదితో ఆ మేత ఆపేస్తాం, జబ్బు నీరసించాక రేడియేషన్ ఇస్తాం అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అట్ల చెప్పు సారూ. బెట్టకు వదిలినట్ల" అన్నాడు.

చీనీ తోట తెలియనివాళ్లకు ఈ బెట్ట గురించి చెప్పాలి. చలికాలంలో చెట్లకు నీళ్లు ఆపేస్తారు. ఆకు వాడి, ముడుచుకుని, కొంత రాలిపోయేదాకా చూస్తూ ఊరుకుంటారు. అది చూడ్డానికి గుండె దిటవుండాలి. ఆ తర్వాత పాదులు చేసి, ఎరువు వేసి, తడి ఇస్తే చెట్టు ఒళ్లంతా పూస్తుంది. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తడపాలి అన్నదాంట్లోనే ఏడాది పంటంతా ఉంది. ఆ కొద్ది వారాలు మా ఆయన పెళ్లిళ్లకూ పోడు, చావులకూ పోడు.

కొన్నాళ్లకు స్కానింగు తీయించుకోమంటే మళ్లీ ప్రొద్దుటూరు పోయాం. మూత్రాశయం నిండుగా ఉంటేనే తీస్తారట. లోపలికి పోయినవాడు పోయినట్టే వెనక్కి వచ్చాడు. స్కానింగు తీసే అమ్మాయి వెనకాలే వచ్చి, "లోపల చుక్క లేదమ్మా. మీ ఆయన నీళ్లే తాగినట్టు లేడు" అంది.

"ఏం మామా, పొద్దున్నించి నీళ్లు తాగలేదా?" అన్నాను. మా వైపు ఆడవాళ్లం మొగుణ్ణి మామా అనే అంటాం.

"తగ్గించినా."

"ఎప్పట్నించి?"

"సూది ఏసినకాన్నించి. జబ్బుకు మేత ఆపుతాండామని సారే చెప్పినాడు గదా. మేత ఆపి నీళ్లు పెడితే ఏం లాభం? బెట్టంటే బెట్టే."

జబ్బును బెట్టకు వదిలానని తనను తాను ఎండగట్టుకుంటున్నాడీ మహానుభావుడు. పెదవులు పగిలి ఉన్నాయి, నేను చలికాలం కదా అనుకున్నాను. ఆ వరండాలో నలుగురూ చూస్తుండగా నవ్వాలో తిట్టాలో తెలియక ఆయన చేతికి నీళ్ల సీసా ఇచ్చి, అయిపోయేదాకా పక్కనే నిలబడ్డాను. చిన్నపిల్లవాడిలా మొత్తం తాగాడు.

ఆ సూది మరో పని కూడా చేసింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటలు పట్టి, చొక్కా విప్పేసి, "ఒంట్లో ఆవిర్లు పుడతాండాయే" అనేవాడు. డిసెంబరు చలిలో ఫ్యాను. నాకు ఆ ఆవిర్లన్నీ యాభై ఏళ్లప్పుడే తెలుసు. అప్పుడు ఈయన, "చలికాలంలో ఫ్యానేంది, నీకేమన్నా పిచ్చా" అన్నవాడే. "ఇప్పుడు తెలిసిందా మామా" అని ఒకసారి దెప్పాను. ఒకసారే. తర్వాత ఆవిరి వచ్చినప్పుడల్లా తడి తువ్వాలు మెడ మీద వేసేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, "అప్పుడు నీకు ఎవరేసినారే ఇట్ల?" అని అడిగాడు. ఎవరూ వేయలేదని చెప్పాను. ఆయన తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

రేడియేషన్ మాట తేల్చుకోవాల్సిన రోజు మాతో మా మరిది కూడా వచ్చాడు. అన్నంటే ప్రాణం. అన్న తరఫున మాట్లాడటం పుట్టుకతో వచ్చిన హక్కనుకుంటాడు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "రెండు దార్లున్నాయండి. ఒకటి, రోజూ కడప వచ్చి మిషన్ కింద పడుకోవడం. వారానికి ఐదు రోజులు, నెల దాటి పడుతుంది. నొప్పేమీ ఉండదు, కాసేపటి పని. రెండోది, రేడియేషన్ ఉన్న సన్నటి గింజల్ని ఆ గ్రంథిలోనే పెట్టేయడం. బియ్యపు గింజ కన్నా చిన్నవి. బెంగుళూరులో చేస్తారు. మత్తిచ్చి ఒక పూటలో పెట్టేసి ఇంటికి పంపేస్తారు. అవి లోపలే ఉండిపోతాయి, కొన్ని నెలలకు వాటి బలం అదే తగ్గిపోతుంది."

"విత్తేసి వచ్చేది గదా సారూ" అన్నాడు మా ఆయన. "మాకు తెలిసిన పనే."

"ఏది మంచిది సార్?" అన్నాడు మరిది.

"ఈయన జబ్బుకు రెండూ పనిచేస్తాయి. ఇబ్బందులు రెండింటికీ ఉన్నాయి. గింజలకైతే మొదట్లో మూత్రం మంట ఎక్కువ ఉండొచ్చు. రోజూ వచ్చేదానికైతే అలసట, విరేచనాల ఇబ్బంది కొంత. మీ ఇంటికీ మీ పనికీ ఏది కుదురుతుందో అది మంచిది."

మరిది అప్పటికే తేల్చేశాడు. తోట బెట్టలో ఉంది. తడి ఇచ్చి పూత తెప్పించాల్సిన వారాలూ, ఈ కడప తిరుగుళ్లూ ఒక్కసారే వస్తాయి. గింజలైతే ఒక పూటతో సరి. "గింజలే సార్" అన్నాడు. మా ఆయన తలూపాడు.

"అయితే ఒక జాగ్రత్త" అన్నాడు డాక్టరు. "పెట్టాక రెండు నెలలు చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు మీ పక్కన ఎక్కువసేపు ఉండకూడదు. కాస్త దూరంలో ఉంటే భయం లేదు. ఇంట్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"యాడుండారు సార్. ఇంట్లో ఈల్లిద్దరే" అన్నాడు మరిది.

నేను కూర్చున్న కుర్చీ కదిలినట్టయింది.

మాకు ఒక్కతే కూతురు, ఇంట్లో పాప అనే పిలుస్తాం. జమ్మలమడుగులో ఉంటుంది, అల్లుడికి అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్లయి చాలా ఏళ్లయింది. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ నాలుగో నెల చూడకుండా పోయింది. ఇప్పుడు మూడోసారి. నాకూ అల్లుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఐదో నెల పడేదాకా నాయనకు కూడా చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. పుష్యం దాటగానే మా ఇంటికి వచ్చి కాన్పు దాకా ఉంటానంది. మంచం దిగొద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఫోన్లో, "నాయిన పక్కన కూచుంటే నాకు ధైర్యం మా" అంది. సరిగ్గా అదే కూడదంటున్నాడు డాక్టరు. చెబితే ఒట్టు తప్పుతుంది. చెప్పకపోతే పిల్ల వచ్చేసరికి మా ఆయన ఒంట్లో గింజలుంటాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరు ఇంకా ఏదో చెప్పాలని గొంతు సవరించుకున్నాడు. "ఏ పద్ధతిలోనైనా, భార్యాభర్తల మధ్య సంబంధం..." అన్నాడు. మా మరిదికి అర్జంటుగా ఫోన్ చూసుకోవలసిన పని పడి బయటికి పోయాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరులో ఏకాదశి ఎప్పుడో వెతుకుతున్నాడు.

"అది మాకొదిలేయండి సార్" అన్నాను. "ముందు మనిషిని నిలబెట్టండి."

వారం ఆలోచించుకుని రమ్మన్నాడు డాక్టరు. తిరుగుదారిలో డ్రైవరు పక్కన ముందు సీట్లో మరిది గింజల గొప్పతనం చెబుతూనే ఉన్నాడు. వెనక సీట్లో మా ఆయన తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడు అద్దంలో చూస్తాడేమోనన్న భయంతో బయటికి మాత్రం మామిడి తోటలు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. నాకు అప్పుడు ఆయన మీద పుట్టిన ప్రేమ ఇంత అంత కాదు. ఇంటికి రాగానే, "గింజలు వద్దు" అన్నాను.

"ఎందుకు వద్దు వదినా?" అన్నాడు మరిది.

"నాకిష్టం లేదు."

"ఇష్టమేంది, ఇది చీర బేరమా? అన్న రోజూ కడపకు పోతే తోటెవరు చూస్తారు? ఒక తడి తప్పితే పూతంతా తప్పుతాది. నీకు తెలియంది ఏముండాది?"

"తెలుసప్పా. అయినా వద్దు."

కారణం చెప్పలేని మనిషితో వాదన ఎంతసేపు జరుగుతుంది? ఆడదాని మొండితనం అనుకున్నారు. ఒంట్లో రేడియేషన్ పెట్టుకున్న మనిషి పక్కన పడుకోవడానికి నాకు భయమని మరిది వాళ్లావిడతో అన్నాడట. తుమ్మలపల్లె యురేనియం గని మాకు పెద్ద దూరం కాదు. అందుకని రేడియేషన్ అనే మాట మా ఊళ్లో ముసలమ్మలకు కూడా తెలుసు, అర్థం మాత్రం ఎవరికి తోచింది వాళ్లది. నా అర్థం అదనుకున్నారు. చెప్పొద్దూ, ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం చేస్తూ అప్పుడప్పుడు నా ముఖంలోకి చూసేవాడు, అంతే.

రెండు రోజులు ఓర్చుకుని జమ్మలమడుగు పోయాను. పాప మంచం మీద పడుకుని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, నాయనకు చెప్పనీయమ్మా అని బతిమాలాను.

పాప పైకప్పు చూస్తూ పడుకుంది. "రెండుసార్లూ ముందు ఆయనకే చెప్పినా మా. చెప్పిన రోజు తోటలో కూలోళ్లందరికీ బెల్లం పంచినాడు. పోయినాక ఈడికొచ్చి, ఏం మాట్లాడల్లో తెలీక నా కాళ్లు పిసుకుతా కూచున్నాడు. బిడ్డ పోయిందానికంటే ఆ చేతులు నన్ను ఎక్కువ ఏడిపించినాయి. మళ్లా ఆయన్ని అట్ల కూచోబెట్టలేను."

"మరి ఆ గింజలు పెట్టించుకుంటే నువ్వెట్ల వస్తావే?"

"నేను ఈడే ఉంటాలే. నాయినకు ఏది మేలో అది చేయించండి. ఆయన బాగుంటే చాలు."

అల్లుడు పనికి పోతే గ్లాసుడు నీళ్లిచ్చే మనిషి లేని ఇంట్లో ఉంటుందట. తండ్రి కోసం కూతురు, కూతురు సంగతే తెలియని తండ్రి, మధ్యలో నేను. కక్కలేను, మింగలేను. బస్సులో వస్తూ ముద్దనూరు దాకా ఏడ్చాను. పక్క సీటు ముసలమ్మ ఏమీ అడక్కుండా తన సంచీలోంచి రెండు అరటిపళ్లు తీసి నా ఒళ్లో పెట్టింది.

వారం గడిచింది. మళ్లీ ప్రొద్దుటూరు, అదే గది, అవే కుర్చీలు. ఈసారి ఒట్టు తప్పినా సరే, డాక్టరు ముందే చెప్పేద్దామని నిశ్చయించుకుని పోయాను. పాప కోప్పడితే పడుతుంది. డాక్టరు, "ఏమనుకున్నారు?" అన్నాడు. మరిది నోరు తెరిచేలోపు మా ఆయన చెయ్యి ఎత్తాడు. ఊళ్లో తగువు తీర్చేటప్పుడు అలా ఎత్తుతాడు, ఇక మాట్లాడొద్దని.

"రోజూ వచ్చేదే పెట్టండి సారూ."

"అన్నా" అన్నాడు మరిది. "నీళ్లిడిసే కాలం. తోట..."

"తోట మీ వదిన చూస్తాది."

చెప్పేద్దామనుకున్నది మరిచి ఆయన వైపు తిరిగాను. ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను మోటారు స్విచ్చి కూడా ముట్టుకోనివ్వలేదు. డాక్టరుకు కూడా వింతగా తోచినట్టుంది. "పోయినవారం గింజలన్నారు కదా. ఎందుకు మార్చుకున్నారో అడగొచ్చా?" అన్నాడు.

"ఏం లేదు సారూ. రోజూ కారులో తిరగల్లని ఉండాది" అన్నాడు. కారెక్కితే కడుపులో తిప్పుతుందని ముందు సీటు కోసం తమ్ముడితో తగువు పడే మనిషి.

మర్నాడు పొద్దున తోటలోకి పోయాను. బెట్టలో ఉన్న చీనీ చెట్లను చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. ఆకులన్నీ దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. ఆయన గనిమ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"చెప్పు మామా. గింజలని ఎగిరినోడివి, ఎందుకు మార్చుకున్నావు?"

బోరు కాలువ పక్కన తడి తగిలిన చెట్టు ఒకటి వేళ కాని వేళ నాలుగు పూలు పూసింది. "ఆ కొమ్మన చూడు. రెండు నిలబడినాయి" అన్నాడు.

"యాడ? అదా?" అని వేలు చూపించాను. ఆయన గబుక్కున నా వేలు పట్టుకుని మడిచేశాడు.

పిందెకు వేలు చూపించకూడదు. చూపిస్తే రాలిపోతుందని మా వైపు నమ్మకం. చూపించక తప్పకపోతే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. నేను బళ్లో ఇలాంటివి మూఢనమ్మకాలని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే. ఆయన మడిచిన వేలు అలాగే ఆయన గుప్పిట్లో ఉంది.

"నెల నించి పాప ఫోనొస్తే నువ్వు పెరట్లోకి పోతాండావు" అన్నాడు. "నాతో మాట్లాడేటప్పుడు పాప గొంతు రొంత తగ్గించి, మెల్లిగా మాట్లాడతాంది. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నదాని మాదిరి. ముందు రెండుసార్లూ అట్లే మాట్లాడింది."

నేను తల దించుకున్నాను.

"సారు కడుపుతో ఉన్నోళ్ల మాట చెప్పినప్పుడు నీ ముఖం చూసినా. అప్పుడు రూఢయింది."

"మరి వారం నుంచి నాతో ఒక్క మాట అనకుండా..."

"నువ్వు చెప్పకుండా ఉండావంటే పాప వద్దనింటాది. చెప్పనిదాన్ని నేనెట్ల అడిగేది? పిందెకు వేలు చూపించినట్ల కాదా?" ఆయన నా వేలు వదిలాడు. "నాకు తెలుసని పాపకు చెప్పాకు. దాన్ని నెమ్మదిగా ఉండనీ."

నాకు ఏడుపాగలేదు. ఆయన ఏమీ అనకుండా తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలుకు మట్టి వాసన, పురుగుమందు వాసన. ముఖమంతా దాంతోనే తుడుచుకున్నాను.

పుష్యం దాటాక అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. పాప వచ్చింది. ఆయన కడప తిరగడం మొదలుపెట్టాడు. అంత గొడవపడ్డ మరిది ఒక్క రోజు తప్పకుండా తనే కారు నడిపాడు, ముందు సీటు అన్నకే ఇచ్చాడు. మిషన్ కిందికి కూడా మూత్రాశయం నిండుగానే పోవాలని, కడప ఇంకా కొంచెం దూరం ఉందనగా కారు ఆపి సీసాడు నీళ్లు తాగించేవాడు. ఆసుపత్రి చేరేదాకా ఆయన గతుకు వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి తిట్టేవాడట. నేను ఫోను చెవిలో పెట్టుకుని మోటారు వేసేదాన్ని. "ఏ పాదిలో నిలిచినాయి, ఏ పాదిలో ఇంకినాయి" అని కడప నుంచి అడిగేవాడు. నాకు తెలియకపోతే తెలియదని చెప్పేదాన్ని. ఓపిగ్గా మళ్లీ చెప్పేవాడు. బళ్లో మొద్దు పిల్లల మీద నాకు ఎప్పుడూ అంత ఓపిక లేదు. పోయిన ఏళ్లంత కాదు గాని, తోట పూసింది.

ఇంటికి వచ్చాక ఆయన చేసే పని మాత్రం నాకు అంతుపట్టలేదు. మధ్యాహ్నం కారు దిగి నేరుగా బోరు దగ్గరి తొట్టికి పోయి నెత్తిన నీళ్లు పోసుకునేవాడు. కట్టిన బట్టలు అక్కడే దండెం మీద ఆరేసి, వేరే పంచె కట్టుకునిగాని గుమ్మం తొక్కేవాడు కాదు. మా వైపు చావింటికి పోయొచ్చినవాళ్లు చేసే పని అది. రేడియేషన్ని కూడా మైల అనుకున్నాడు, నీళ్లు పోసుకుంటే పోతుందని. ఈ పద్ధతిలో ఒంట్లో ఏమీ మిగలదు, మిషన్ ఆపగానే అయిపోయినట్టేనని డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను. "చెప్పినాడులే" అనేవాడు. మర్నాడు మళ్లీ తొట్టి దగ్గరే కనబడేవాడు.

అంత స్నానం చేసి కూడా పాప దగ్గరికి రాడు. వరండాలో పాప మంచం ఈ చివర వేస్తే, ఆయన ఆ చివర స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఎవరి కోసం రోజూ ఆ గతుకుల్లో పడి తిరుగుతున్నాడో ఆ పిల్లకే దూరంగా. పైకి మాత్రం ఏమీ తెలియనట్టు, "నడుంనొప్పి తగ్గిందా పాపా" అని అడిగేవాడు. నడుంనొప్పికి వచ్చి పడుకుందని కదా మేం ఆయనకు చెప్పింది.

ఒకరోజు ఆయన స్నానానికి పోయినప్పుడు పాప నన్ను పిలిచింది.

"మా, నాయినకు తెలుసు గదా?"

"ఏం తెలుసు?" అన్నాను. అబద్ధం ఆడటం నాకూ చేతకాదు.

"నీ పక్కన కూచుంటాడు. చిన్నాయిన పక్కన కూచుంటాడు. నేను పోతేనే లేచి పోతాడు. తెలీకుంటే నన్నొక్కదాన్నే ఎందుకు దూరం పెడతాడు?"

నేను ఏం చెప్పను? అంతా చెప్పాను. క్లినిక్కులో చెయ్యి ఎత్తడం, చెట్టు దగ్గర నా వేలు మడవడం, అన్నీ. పాప వింటూ దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది, కళ్ల నిండా నీళ్లతో.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఆ చివర కూర్చున్నాడు. పాప లేచింది. నెమ్మదిగా లేవమని అరవబోయి నోరు మూసుకున్నాను. గోడ పట్టుకుని వరండా పొడవునా నడిచింది. ఆయన కంగారుగా జరిగాడు. "ఆడే ఉండు పాపా. ఇప్పుడే కడప నించి వచ్చినా. దూరంగా ఉండల్ల."

"దూరంగా ఉండల్లంటే గింజలే పెట్టించుకోవల్సింది నాయినా" అంది పాప. "దగ్గర కూచోనీకే గదా ఇంత తిరుగుతాండేది?"

ఆయన వెనక స్తంభం ఉంది, ఇక జరగడానికి చోటు లేదు. పాప పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచి, న్యాయం చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. "ఏం కాదు మామా" అన్నాను. అప్పుడు ఒక చెయ్యి దించి పాప నెత్తి మీద పెట్టాడు. కొంతసేపటికి రెండో చేతి వేలు మడిచి, కణుపుతో, తగలకుండా, పాప కడుపు వైపు చూపించాడు.

"ఎన్నో నెల?"

"నిన్నటితో ఐదు పడింది."

ఆయన తలూపాడు. ఈసారి ఎవరికీ బెల్లం పంచలేదు. వేలు మడిచే ఉంచుకుని, పాప లేచేదాకా అలాగే కూర్చున్నాడు.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి ప్రొద్దుటూరు పోయి రక్తపరీక్ష చేయించుకుని వస్తాం. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. పాప వచ్చినప్పుడల్లా మనవరాలు తాత చెయ్యి పట్టుకుని తోటకు పోతుంది. ఇంకా మాటలు సరిగ్గా రావు. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, ప్రతి పిందెకూ బారుగా వేలు చాపి, "అది, అది" అంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేనే ఆ వేలు మడవబోయాను. ఆయన నా చెయ్యి పక్కకు తీసి, "చూపించనీలే. రాలితే రాలనీ" అన్నాడు.